కన్నం నుంచి క్లిక్ దాకా: నేరంలో నిజంగా మారిందేమిటి?

చిత్రగుప్త (ప్రశ్న)

నేరాల మీద ఏ చర్చ మొదలైనా రెండు మాటల దగ్గరే ఆగిపోతోంది. ఒకరు "కలికాలం, అన్నీ పెరిగిపోయాయి" అంటారు. ఇంకొకరు "అప్పుడూ దొంగలే, ఇప్పుడూ దొంగలే" అంటారు. ఆధారం అడిగితే ఇద్దరూ జారుకుంటారు.

నాకు కావలసినవి మూడు. ఒకటి, సైబర్ నేరాలు అంటున్నవి నిజంగా కొత్తవా, లేక పాతవాటికే కొత్త దారి దొరికిందా? రెండు, చాలా దేశాల్లో దొంగతనాలు, హత్యలు తగ్గాయని లెక్కలు చూపిస్తున్నారు. వాటిని ఎంతవరకు నమ్మొచ్చు? తగ్గితే దేనివల్ల తగ్గాయి? మూడు, పట్టుకునే పద్ధతుల్లో ఏం మారింది, అవి ఎక్కడ దెబ్బతింటున్నాయి?

ఏడాదులు, అంకెలు, పనిచేసే తీరు తెలిసినవాళ్లు రాయండి. "విలువలు పడిపోయాయి" లాంటి జవాబులు వద్దు, అవి నా దగ్గర బోలెడున్నాయి.

---

పాతదస్త్రం

మొదటిదానికి జవాబు: ఎత్తుగడలు పాతవే, ఖర్చులు కొత్తవి. ఈ రెంటినీ విడదీసి చూస్తే చాలా సంగతులు తేలతాయి.

"మీకు పెద్ద ఆస్తి రాబోతోంది, ముందు ఖర్చులకు కొంచెం పంపండి" అనే మోసం తీసుకోండి. 19వ శతాబ్దం తొలి రోజుల్లోనే ఫ్రాన్సు జైళ్లలో ఖైదీలు ఈ ఉత్తరాలు రాసేవారు. తాను ఒక ప్రభువుగారి నౌకరునని, పారిపోయే తొందరలో నగల పెట్టెను ఫలానా చోట పడేశామని, దాన్ని తీయించాలంటే కొంత సొమ్ము కావాలని కథ. దొంగగా బతికి, ఆ తర్వాత పారిస్ నేరపరిశోధక దళానికి తొలి అధిపతి అయిన విడోక్ ఈ ఉత్తరాల గురించి రాశాడు. నూరు పంపితే ఇరవైకి జవాబులు వచ్చేవట. తర్వాత అదే స్పెయిన్ జైల్లో ఉన్న ధనవంతుణ్ని విడిపించమనే "స్పానిష్ ఖైదీ" ఉత్తరమైంది, ఫ్యాక్సైంది, ఈమెయిలైంది, ఇప్పుడు ఫోనులో పరిచయమైన విదేశీ డాక్టరుగారి కస్టమ్స్‌లో ఇరుక్కున్న పార్సిలైంది. ఏ రూపంలో ఉన్నా లోపల ఉండేవి అవే: ఎక్కడో దూరాన ఉన్న సొమ్ము, ఎవరికీ చెప్పకూడని గుట్టు, ఊపిరాడనివ్వని తొందర, ముందుగా కట్టాల్సిన ఒక చిన్న మొత్తం. అది కట్టగానే ఇంకో అడ్డంకి, ఇంకో ఫీజు.

ఇక ఖర్చు సంగతి. ఉత్తరానికి కాగితం, తపాలా, రాసే చెయ్యి కావాలి, కాబట్టి నూటికి కొందరైనా పలక్కపోతే గిట్టదు. ఈమెయిల్‌కి లక్షలో ఒకరు పలికినా చాలు. అయితే పంపడం ఉచితమే గానీ, పలికినవాళ్లతో వారాల తరబడి మాట్లాడటం ఉచితం కాదు. మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కోర్మాక్ హెర్లీ 2012లో ఈ లెక్కే వేసి చూపించాడు. మొదటి మెయిల్ నమ్మశక్యం కానంత మొరటుగా ఉండటం వాళ్లకే లాభం. అనుమానించేవాళ్లు అక్కడే తప్పుకుంటారు, చివరిదాకా వచ్చేవాళ్లే మిగులుతారు. ఇప్పుడు మాట్లాడే పని కూడా యంత్రం చేసిపెడుతోంది కాబట్టి ఆ జల్లెడ అవసరం తగ్గుతోంది. "అక్షరదోషాలు ఉంటే మోసం" అని ఇంకా నేర్పిస్తున్నవాళ్లు ఆ పాఠం మార్చుకోవాలి. తప్పుల్లేని ఉత్తరం ఇక దేనికీ హామీ కాదు.

నెట్‌వర్క్‌లోకి చొరబడటం కూడా కంప్యూటరుతో పుట్టలేదు. 1834లో బోర్డో నగరంలో బ్లాంక్ సోదరులని ఇద్దరు బాండ్ల వ్యాపారులు ఉండేవారు. పారిస్‌లో బాండ్ల ధర మారితే ఆ కబురు తపాలా బండి మీద బోర్డో చేరడానికి రోజులు పట్టేది. ప్రభుత్వానికి మాత్రం కొండల మీద బురుజులు, వాటిపై కదిలే చేతులతో సంకేతాలు పంపే టెలిగ్రాఫ్ ఉండేది. సోదరులు తూర్ పట్టణంలోని టెలిగ్రాఫ్ ఉద్యోగికి లంచమిచ్చారు. అతను సర్కారీ సందేశంలో ఒక తప్పు గుర్తు చేర్చి, వెంటనే "ముందుది కొట్టేయండి" అనే గుర్తు పెట్టేవాడు. చివర్లో సందేశం విప్పేవాళ్లు ఆ తప్పును తీసేస్తారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ మధ్యలో ప్రతి బురుజూ ఆ తప్పును యథాతథంగా ముందుకు పంపుతుంది. బోర్డో దగ్గర ఒకడు బురుజును చూస్తూ దాన్ని పట్టుకునేవాడు. రెండేళ్లు సాగింది. లంచం తిన్న ఉద్యోగి జబ్బుపడి మరొకరికి చెప్పడంతో 1836లో బయటపడింది. విచారణ జరిగింది గానీ, టెలిగ్రాఫును అలా వాడటం నేరమని ఏ చట్టంలోనూ లేకపోవడంతో బయటపడ్డారు. చట్టం 1837లో వచ్చింది.

ఇప్పుడు 2000 మే నెలకు రండి. "ఐ లవ్ యూ" అనే ఈమెయిల్ వైరస్ ఫిలిప్పీన్స్ నుంచి బయలుదేరి ప్రపంచమంతా చుట్టింది. అనుమానితులు దొరికారు. అక్కడ కంప్యూటర్ నేరాలకు చట్టం లేదు. కేసు నిలవలేదు. చట్టం జూన్‌లో వచ్చింది. నూట అరవై ఏళ్ల తేడా ఉన్నా వరస అదే: ముందు సాధనం, తర్వాత దాన్ని వాడుకున్నవాడు, ఆఖర్న చట్టం.

---

సీల్డ్‌కవర్

పాతదస్త్రం గారు మోసం ఎలా మొదలవుతుందో రాశారు, నేను చివరి అంకం గురించి రాస్తాను. అసలు కష్టం అక్కడే. సొమ్ము కొట్టేయడం సగం పనే. దాన్ని తన చేతికి, తన పేరు బయటికి రాకుండా, ఖర్చుపెట్టుకోగలిగే రూపంలో తెచ్చుకోవడం మిగతా సగం. పూర్వం దొంగసొత్తు కొనేవాడు ఆ పని చేసేవాడు, ఇప్పుడు అద్దె ఖాతాలు, అంటే కొంత సొమ్మిచ్చి వాడుకునే వేరేవాళ్ల బ్యాంకు ఖాతాలు చేస్తున్నాయి.

మనిషిని ఎత్తుకుపోయి డబ్బు అడిగేవాళ్లు ఎక్కువగా దొరికిపోయేది ఎక్కడ? డబ్బు తీసుకునే చోట. 1989లో మొదటి రాన్సమ్‌వేర్, అంటే కంప్యూటర్లోని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రామ్, కూడా అక్కడే చతికిలపడింది. ఎయిడ్స్ సమాచారం అని పేరుపెట్టి దాదాపు 20,000 ఫ్లాపీలను తపాలాలో పంపారు. కంప్యూటర్ను 90 సార్లు ఆన్ చేశాక ఫైళ్ల పేర్లన్నీ గజిబిజి అయిపోయి, పనామాలోని ఒక పోస్ట్ బాక్సుకు 189 డాలర్లు పంపమని తెరమీద వచ్చేది. అందులో రెండు లోపాలు. తాళం వేయడానికీ తీయడానికీ ఒకే కీ, ఆ కీ ప్రోగ్రామ్‌లోనే ఉంది. కాబట్టి తెలిసినవాళ్లు విప్పేసి మందు కనిపెట్టారు. రెండోది పోస్ట్ బాక్స్. పెట్టెకు ఎవడో ఒకడు రావాల్సిందే.

మొదటి లోపాన్ని పబ్లిక్ కీ పద్ధతి తీర్చింది: వేసే కీ వేరు, తీసే కీ వేరు, తీసేది బాధితుడి యంత్రంలోకి రానేరాదు. రెండోదాన్ని బిట్‌కాయిన్ తీర్చింది. 2013 నుంచి ఈ వ్యాపారం ఒక్కసారిగా లేవడానికి ఈ రెండూ కలవడమే కారణం, దొంగలకు కొత్తగా తెలివి పెరిగి కాదు. కానీ బిట్‌కాయిన్ అంటే ఎవరికీ కనపడదనుకోవడం పొరపాటు. ప్రతి బదిలీ ఎప్పటికీ చెరగని బహిరంగ ఖాతాపుస్తకంలో ఉంటుంది. లేనిది పేరు మాత్రమే. 2021 మేలో అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ సంస్థ రాన్సమ్‌వేర్ ముఠాకు 75 బిట్‌కాయిన్లు కట్టింది, నెల తిరక్కుండానే అధికారులు అందులో 63.7 వెనక్కి లాగారు.

పాతా కొత్తా పక్కపక్కన పెట్టి చూడాలంటే ఈ రెండు కేసులు చాలు.

2015 ఏప్రిల్, లండన్ నగల వ్యాపారుల పేట హాటన్ గార్డెన్‌లో ఒక లాకర్ల సంస్థ. ఈస్టర్ సెలవులు. గురువారం సాయంత్రం లిఫ్ట్ గొట్టంలోంచి నేలమాళిగకు దిగారు. 50 సెంటీమీటర్ల కాంక్రీటు గోడకు వజ్రపు మొన డ్రిల్లుతో పక్కపక్కనే మూడు బెజ్జాలు వేశారు. అవతల లాకర్ల బీరువా గోడకు బోల్టులతో బిగించి ఉంది. దాన్ని తోసే హైడ్రాలిక్ జాకీ ఆ రాత్రి విరిగిపోయింది. వెళ్లిపోయి, ఇంకోటి కొని, శనివారం రాత్రి మళ్లీ వచ్చారు! మధ్యలో అలారం మోగింది. పోలీసులు దాన్ని వెళ్లనక్కర్లేని స్థాయిలో వేశారు, వచ్చిన కాపలాదారు బయట తలుపు చూసి అంతా బాగానే ఉందనుకుని వెళ్లిపోయాడు. దాదాపు 1.4 కోట్ల పౌండ్ల సొత్తు పోయింది. ముఠాలో పెద్దాయన వయసు 76. పట్టించింది మాత్రం రోడ్డు కెమెరాల్లో పడ్డ ఒక తెల్ల కారు నంబరు. తర్వాత వాళ్ల కార్లలో మైకులు పెట్టి వాళ్ల గొప్పలు వాళ్ల నోటే రికార్డు చేశారు.

2016 ఫిబ్రవరి, బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు. దాని సొమ్ము న్యూయార్క్‌లోని అమెరికా కేంద్ర బ్యాంకు శాఖలో ఉండేది. బ్యాంకులు ఒకదానికొకటి బదిలీ ఆదేశాలు పంపుకునే వ్యవస్థలో దొంగలు చొరబడి, ఆ సొమ్ము పంపమని ఆదేశాలిచ్చారు. గురువారం రాత్రి మొదలుపెట్టారు, ఎందుకంటే అక్కడ శుక్రవారం సెలవు. ఢాకాలో ఆఫీసు తెరిచేసరికి న్యూయార్క్‌లో శని, ఆదివారాలు. సోమవారం చైనా కొత్త సంవత్సరం, మనీలాలో సెలవు. బదిలీల కాగితాలు అచ్చేసే ప్రింటర్ పనిచేయకుండా చేశారు. మొత్తం 95.1 కోట్ల డాలర్లకు ఆదేశాలు వెళ్తే 10.1 కోట్లకు అమలయ్యాయి. అందులో 2 కోట్లు శ్రీలంక వెళ్లాయి. ఫౌండేషన్ అన్న మాట స్పెల్లింగ్ తప్పు పడటంతో మధ్యలో ఒక బ్యాంకుకు అనుమానం వచ్చి ఆగి, తిరిగొచ్చాయి. మిగిలిన 8.1 కోట్లు మనీలాలో తలా 500 డాలర్లతో 2015 మేలోనే తెరిచి, తొమ్మిది నెలలు ముట్టుకోకుండా ఉంచిన ఖాతాల్లో పడి, అక్కడినుంచి కాసినోల్లోకి వెళ్లాయి. అప్పటికి ఆ దేశపు మనీలాండరింగ్ చట్టం కాసినోలకు వర్తించదు.

ఒకళ్లు గోడకు డ్రిల్లు పెట్టారు, ఇంకొకళ్లు సందేశ వ్యవస్థలో చొరబడ్డారు. ఇద్దరూ దొంగిలించింది ముందు సమయాన్నే, సొమ్ము తర్వాత. కాబట్టి ఏ సంస్థకైనా నేనిచ్చే మొదటి సలహా: వరుస సెలవులకు ముందురోజు సాయంత్రం పెద్ద బదిలీలకు వేరే పరిమితి పెట్టండి. ప్రింటర్ గానీ, యంత్రం తానే రాసుకునే నమోదు (లాగ్) గానీ ఆగిపోతే దాన్ని "సాంకేతిక లోపం, సోమవారం చూద్దాం" కింద రాయకండి. ఆ గంటలో దాన్ని దాడి జరిగినట్టే చూడండి.

---

నిశాచరి

ఇద్దరూ వదిలేసింది ఒకటుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు. కౌటిల్యుడు ఖజానా సొమ్ము ఉద్యోగులు కాజేసే దారులు నలభై అని లెక్కపెట్టి మరీ పెట్టాడు: వచ్చినదాన్ని రానట్టు రాయడం, ఇవ్వనిదాన్ని ఇచ్చినట్టు రాయడం, ముందు వచ్చింది తర్వాత రాయడం... ఇవాళ ఏ ఆడిట్ నివేదిక తెరిచినా ఆ నలభైలోవే కనిపిస్తాయి. వాటికి విరుగుడూ మారలేదు. డబ్బు ముట్టుకునేవాడు, లెక్క రాసేవాడు, సరిచూసేవాడు ముగ్గురూ వేరువేరు మనుషులై ఉండాలి. ఏడాదికి రెండు వారాలు ప్రతి ఒక్కరినీ తప్పనిసరి సెలవు మీద పంపి, ఆ కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టాలి. రోజూ సర్దుబాటు చేస్తేగానీ నిలవని మోసాలు ఆ రెండు వారాల్లో బయటపడతాయి. ఏళ్ల తరబడి సెలవే పెట్టని ఉద్యోగిని మెచ్చుకునే ముందు ఒకసారి పుస్తకాలు చూడండి.

---

లెక్కలమేడమ్

రెండో ప్రశ్న నాది.

ముందు దీర్ఘకాలం. హత్యలను మిగతావాటికన్నా నమ్మకంగా లెక్కపెట్టొచ్చు, ఎందుకంటే శవాన్ని దాచడం కష్టం. పాత కోర్టు పత్రాలు తవ్వి నేరచరిత్రకారుడు మాన్యుయెల్ ఐస్నర్ వంటివారు తేల్చింది: మధ్యయుగ ఇంగ్లండ్‌లో ఏడాదికి లక్షమందికి ఇరవై, ఆ పైన హత్యలు. 20వ శతాబ్దంలో ఒకటి దగ్గరికి దిగింది. ప్రపంచం మొత్తానికి ఐక్యరాజ్యసమితి లెక్క 2017లో 4,64,000 మంది, అంటే లక్షకు 6.1. ఇందులో దేశానికీ దేశానికీ తేడా విపరీతం, ఈ సగటు పెట్టుకుని ఏ ఒక్క దేశం గురించీ మాట్లాడకూడదు.

తర్వాత 1990ల నుంచి పాశ్చాత్య దేశాల్లో దొంగతనాలు, ముఖ్యంగా కార్లవి, ఇళ్లవి బాగా పడిపోయాయి. దీనికి చెప్పే కారణాలు డజను. నా లెక్కలో బలమైనది చాలా సాదాసీదా కారణం: పని కష్టమైంది. నిరూపణ కావాలంటే స్టీరింగ్ తాళం కథ చూడండి. పశ్చిమ జర్మనీ 1963లో పాతవీ కొత్తవీ అన్ని కార్లకూ స్టీరింగ్ తాళం తప్పనిసరి చేసింది, దొంగతనాలు పడిపోయి చాలా ఏళ్లు లేవలేదు. బ్రిటన్ 1971లో కొత్త కార్లకు మాత్రమే పెట్టింది. దొంగలు పాత కార్ల మీద పడ్డారు, మొత్తం సంఖ్య చాలాకాలం కదల్లేదు. ఒకే పరికరం, అమలు తేడా. ఆ తర్వాత సరైన చిప్ ఉన్న తాళంచెవి లేకపోతే ఇంజిన్‌కు ఇంధనమే అందనివ్వని ఇమ్మొబిలైజర్ వచ్చింది. ఐరోపాలో 1998 నుంచి కొత్త కార్లకు తప్పనిసరి. సరదాకు ఎత్తుకుపోయే కుర్రాళ్ల దొంగతనాలు దాంతో దాదాపు ముగిశాయి. ముఠాలవి మిగిలాయి.

ఇంకో ఉదాహరణ నాకు చాలా ఇష్టం, ఎందుకంటే అక్కడ దొంగల్ని ఆపాలని ఎవరూ అనుకోలేదు. పశ్చిమ జర్మనీలో 1980లో హెల్మెట్ లేకపోతే అక్కడికక్కడే జరిమానా మొదలైంది. ఆ ఏడాది దాదాపు 1.5 లక్షల మోటార్‌సైకిళ్లు పోతే, 1986లో పోయినవి 54 వేలు. అప్పటికప్పుడు బుద్ధి పుట్టి బండి ఎత్తుకుపోయేవాడి దగ్గర హెల్మెట్ ఉండదు, లేకుండా వెళ్తే మొదటి కూడలిలోనే ఆపుతారు. అదే సంఖ్యలో కార్ల మీద, సైకిళ్ల మీద పడ్డారా అంటే అదీ లేదు. "ఒకచోట ఆపితే ఇంకోచోట చేస్తాడు" అనే వాదన పూర్తిగా నిజం కాదని దీన్నిబట్టే చెప్పొచ్చు.

ఇక నమ్మడం సంగతి. పోలీసు లెక్క అంటే జరిగిన నేరాల లెక్క కాదు, రాసుకున్న ఫిర్యాదుల లెక్క. అందుకే ఇళ్లకు వెళ్లి "గత ఏడాదిలో మీకేమైనా జరిగిందా" అని అడిగే బాధితుల సర్వేలు వచ్చాయి. కానీ సర్వే అడిగినదానికే జవాబు వస్తుంది. ఇంగ్లండ్, వేల్స్ సర్వేలో 2015 అక్టోబరు దాకా ఆన్‌లైన్ మోసం గురించి ప్రశ్నే లేదు. చేర్చాక 2016 మార్చితో ముగిసిన ఏడాదికి వచ్చిన అంచనా: మోసాలు, కంప్యూటర్ నేరాలు 58 లక్షలు. మిగతా అన్నీ కలిపి 63 లక్షలు. అంటే తగ్గిందన్న గ్రాఫు పక్కనే దాదాపు అంతే ఎత్తున్న ఇంకో దిబ్బ ఏళ్లుగా ఉంది, దాన్ని ఎవరూ కొలవలేదు. అందుకని తగ్గడం అబద్ధమనొద్దు. ఇళ్లలో కన్నాలు తగ్గిన మాట నిజమే. "నేరం" మొత్తంగా తగ్గిందో లేదో మాత్రం ఆ గ్రాఫు చెప్పలేదు.

మారనివి రెండు, త్వరగా. వయసు: బెల్జియం గణితవేత్త కెత్లే 1831లోనే గమనించాడు, యవ్వనంలో ఎక్కి తర్వాత దిగే గీత. అది ఇప్పటికీ దాదాపు అలాగే వస్తుంది. నేరాలు కొద్దిమంది దగ్గర, కొద్ది చోట్లే పోగుపడటం: ఫిలడెల్ఫియాలో 1945లో పుట్టిన 9,945 మంది మగపిల్లల్ని అనుసరిస్తే, అందులో 627 మంది ఖాతాలోనే మొత్తం నేరాల్లో సగానికి పైగా తేలాయి. మినియాపొలిస్‌లో పోలీసులకు వచ్చే పిలుపుల్లో సగం, నగరంలోని 3 శాతం చిరునామాల నుంచే వచ్చాయని 1989లో తేలింది.

---

చిత్రగుప్త

లెక్కలమేడమ్ గారూ, హెల్మెట్ సంగతి బ్రహ్మాండంగా ఉంది. రెండు అనుబంధ ప్రశ్నలు. తాళాలు గట్టిపడితే దొంగ నేర్పు కూడా పెరగదా? తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడు కదా. అలాగే గొంతు, ముఖం కూడా యంత్రంతో తయారు చేస్తున్నప్పుడు ఏ తాళం పనికొస్తుంది?

---

తాళంచెవి

పెరుగుతుంది, కానీ మీరనుకున్న చోట కాదు.

లండన్‌లో బ్రామా కంపెనీ తన తాళాన్ని కిటికీలో పెట్టి, తీసినవాడికి 200 గినీలు ఇస్తానని దశాబ్దాల పాటు సవాలు విసిరింది. 1851లో అమెరికన్ తాళాల పనివాడు ఆల్ఫ్రెడ్ హాబ్స్ తీశాడు. 16 రోజుల్లో విడతలుగా, మొత్తం 51 గంటలు పట్టింది. పెద్ద గొడవైంది, తాళాల లోపాలు బయటపెడితే దొంగలకు నేర్పినట్టేనని. హాబ్స్ వాదన: దొంగలకు ఇవన్నీ ముందే తెలుసు, తెలియనిది కొనేవాడికే. సాఫ్ట్‌వేర్ లోపాలు బయటపెట్టాలా వద్దా అని ఇవాళ సాగుతున్నది అక్షరాలా ఆ గొడవే.

అయితే 51 గంటలు కూర్చునే దొంగ ఎక్కడా ఉండడు. ఇళ్లలో దూరేవాళ్లలో తాళాన్ని నేర్పుగా తీసేవాళ్లు చాలా అరుదు. తెరిచి వదిలిన కిటికీ, లేదా భుజంతో ఒక్క తోపు. తోపుకు ముందు పోయేది తాళం కాదు, గొళ్లెం నాలుక దూరే ఆ ఇనుప రేకు. దాన్ని చౌకట్టుకు 20 మిల్లీమీటర్ల మరలతో బిగిస్తారు, అవి పైచెక్కను మాత్రమే పట్టుకుంటాయి. అక్కడ 75 మిల్లీమీటర్ల మరలు నాలుగు వేసి, చౌకట్టు దాటి వెనకున్న గట్టి భాగంలోకి దించితే ఖరీదైన తాళం మార్చినదానికన్నా ఎక్కువ ఫలితం. ముందుగా సన్నని బెజ్జం వేసుకోండి, లేకపోతే చెక్క చీలుతుంది. చీలిన చౌకట్టు మొదటికన్నా బలహీనం. రాతి గోడో ఇటుక గోడో అయితే మర కాదు, యాంకర్ బోల్టు.

ఒకసారి దొంగ పడ్డ ఇంట్లో కొద్ది వారాల్లోనే మళ్లీ పడే అవకాశం ఎక్కువ. దారి తెలుసు, పోయినవాటి స్థానంలో కొత్తవి కొంటారనీ తెలుసు. ఇంగ్లండ్‌లో కర్క్‌హోల్ట్ అనే కాలనీలో 1980ల చివర ఈ ఒక్క సంగతి మీదే పనిచేశారు. దొంగతనం జరిగిన ఇంటినే ముందు బాగుచేయడం, చుట్టూ ఉన్న ఆరేడిళ్ల వాళ్లను దానిమీద కన్నేసి ఉంచమనడం, నాణేలు వేసే గ్యాస్ మీటర్లు తీసేయడం. మూడేళ్లలో దొంగతనాలు 75 శాతం తగ్గాయి. కాబట్టి మరమ్మతు "వచ్చే నెల" అనకూడదు, ఆ వారంలోనే.

కారు తాళాల్లో మాత్రం మీ తల తన్నేవాడి సామెత నిజమైంది. జేబులోంచి తీయకుండానే తెరుచుకునే తాళంచెవి వచ్చాక, ఇంట్లో ఉన్న చెవి సంకేతాన్ని బయటి కారు దాకా మోసుకెళ్లే పరికరాలు వచ్చాయి. సంకేతం అడ్డుకునే సంచిలో పెట్టండి. సంచి మడతల దగ్గర లోపలి పొర అరిగి పనిచేయడం మానేస్తుంది, కాబట్టి నెలకోసారి పరీక్షించండి: చెవిని సంచిలో పెట్టి కారు తలుపు పట్టుకుంటే తెరుచుకోకూడదు. కదలకుండా ఉంటే నిద్రపోయే చెవి అయితే ఇంకా మేలు.

గొంతు, ముఖం గురించి. 2024 తొలినాళ్లలో హాంకాంగ్‌లో ఒక కేసు బయటికొచ్చింది. ఒక బహుళజాతి సంస్థ ఉద్యోగి వీడియో సమావేశంలో పై అధికారుల్ని చూసి, విని, 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపేశాడు. 15 విడతలు, 5 ఖాతాలు. సమావేశంలో అతను తప్ప మిగతావాళ్లంతా తయారుచేసిన బొమ్మలే. దీనికి ముఖాన్ని తీక్షణంగా చూడటం మందు కాదు, కళ్లార్పడం లెక్కపెట్టమనే చిట్కాలు ఆరు నెలల్లో పాతబడతాయి. ఆదేశం వచ్చిన దారిలోనే దాన్ని నిర్ధారించుకోకూడదు, అంతే. ఫోను పెట్టేసి, మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు మీరే చేయండి. వాళ్లు ఇచ్చిన నంబరుకు కాదు. కొత్త ఖాతాకు మొదటి బదిలీ అయితే ఇద్దరి సంతకం, 24 గంటల ఆలస్యం. ఇంట్లోవాళ్ల మధ్య ఒక గుర్తుమాట పెట్టుకోండి, దాన్ని ఫోనులో ఎక్కడా రాయకండి. దొంగ ముద్ర వేసిన ఉత్తరాల కాలంలో కూడా నిబంధన ఇదే, తెచ్చినవాడిని అడగొద్దు, పంపినవాడిని అడుగు.

---

లాగ్‌బుక్

మూడో ప్రశ్న మిగిలింది.

పట్టుకోవడంలో మైలురాళ్లు అందరికీ తెలిసినవే. 1892లో అర్జెంటీనాలో వేలిముద్రతో హత్య తేలింది. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు, అక్కడి వర్గీకరణను తయారుచేసింది ముఖ్యంగా అజీజుల్ హక్, హేమచంద్ర బోస్, పేరు మాత్రం పై అధికారి హెన్రీకి పోయింది. 1901లో లండన్ పోలీసులు (స్కాట్లండ్ యార్డ్) ఆ పద్ధతే తీసుకున్నారు. 1986లో ఇంగ్లండ్‌లో డీఎన్‌ఏ మొదటిసారి హత్యకేసులో వాడితే, అది చేసిన మొదటి పని నేరం ఒప్పుకున్న కుర్రాడు నిర్దోషి అని తేల్చడం. ఆ తర్వాత చుట్టుపక్కల 5,000 మందికి పైగా మగవాళ్ల నమూనాలు తీశారు. అసలువాడు తన బదులు తోటి ఉద్యోగితో రక్తం ఇప్పించాడు. ఆ ఉద్యోగి పబ్‌లో నోరు జారాడు, అలా దొరికాడు. ప్రయోగశాల దారి చూపింది, దొరకబుచ్చింది కబుర్లు. ఇప్పటికీ చాలా కేసుల్లో ఇంతే.

ఎక్కడ దెబ్బతింటుందంటే, నమూనా తీసే దగ్గర. జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్సుల్లో 1993 నుంచి జరిగిన దాదాపు 40 సంఘటనల్లో ఒకే ఆడమనిషి డీఎన్‌ఏ దొరుకుతూ వచ్చింది. 2007లో హైల్‌బ్రాన్‌లో పోలీసు ఉద్యోగిని హత్యలో కూడా. ఆ మాయలేడి కోసం ఏళ్లు వెతికారు. 2009లో తేలిందేమిటంటే, ఆ డీఎన్‌ఏ నమూనాలు తీసే దూది పుల్లల్ని ప్యాక్ చేసిన కార్మికురాలిది. పుల్లలు క్రిమిరహితమే, కానీ వేడి, ఆవిరి సూక్ష్మజీవుల్ని చంపుతాయి గానీ డీఎన్‌ఏను తుడిచేయవు. ఖాళీ పుల్లనూ పరీక్షకు పంపాలనేది ఇందుకే.

డిజిటల్ ఆధారంలో పొరపాట్లు ఇంకా తేలిగ్గా జరుగుతాయి. తాళం తెరిచి ఉన్న ఫోను దొరికితే ఆపేయకూడదు. ఆపి మళ్లీ వేస్తే పాస్‌వర్డ్ కొట్టేదాకా లోపలి కీలు మెమరీలోకి రావు. అలాగని నెట్‌వర్క్‌లో ఉంచితే దూరం నుంచి తుడిచేస్తారు. విమానం మోడ్‌లో పెట్టి సంకేతం అందని సంచిలో వేయాలి. విమానం మోడ్ పెట్టడం కుదరకపోతే ఆ సంచిలో ఫోను సిగ్నల్ కోసం పూర్తి బలంతో వెతుక్కుంటూ బ్యాటరీ తాగేస్తుంది, కాబట్టి పవర్ బ్యాంక్ కూడా లోపలే పెట్టాలి. బయటినుంచి తీగ లాగితే ఆ తీగే యాంటెనా అవుతుంది.

హార్డ్ డిస్కును రాత అడ్డుకునే పరికరం ద్వారా నకలు తీసి, అసలుకీ నకలుకీ హ్యాష్ విలువ (లోపలి సమాచారమంతటి నుంచి లెక్కకట్టే ఒక చిన్న గుర్తు) లెక్కకట్టి సరిచూస్తారు. ఒక్క బిట్ మారినా విలువ మొత్తం మారిపోతుంది. చిప్‌ల మీద సమాచారం దాచే ఎస్‌ఎస్‌డీ డిస్కులతో చిక్కు ఏమిటంటే, కరెంటు ఇవ్వగానే అవి లోపల్లోపలే చెరిపిన భాగాల్ని శుభ్రం చేసుకుంటాయి, రాత అడ్డుకునే పరికరం దాన్ని ఆపలేదు. కాబట్టి "తర్వాత ఇంకోసారి తీద్దాం" అనే ధీమా పనికిరాదు. మొదటిసారి తీసిందే ఆధారం.

సీసీ కెమెరా రికార్డరు గడియారం తరచూ నిమిషాల తేడాతో ఉంటుంది. నకలు తీసే ముందు తెరమీద సమయాన్నీ సరైన సమయాన్నీ ఒకే ఫొటోలో పట్టండి. ఆ తేడా రాసిపెట్టకపోతే ఫోను లాగ్‌తో ఎప్పటికీ కలవదు.

---

చిత్రగుప్త

చివరగా ఒకటి. మోసపోయినవాళ్లు మొదటి గంటలో ఏ వరుసలో ఏం చేయాలి?

---

సీల్డ్‌కవర్

ముందు బ్యాంకు, తర్వాత పోలీసు ఫిర్యాదు, ఆ తర్వాతే పాస్‌వర్డులు. కారణం: డబ్బు మొదటి ఖాతాలో గంటో రెండు గంటలో ఉంటుంది, అక్కడినుంచి నాలుగైదు ఖాతాలకు చీలి, నగదో క్రిప్టోనో అయిపోతుంది. చీలకముందు ఆపితే తిరిగి రావచ్చు. బ్యాంకుకు ఫోను చేసేటప్పుడు బదిలీ రిఫరెన్స్ నంబరు, సమయం, మొత్తం చేతిలో పెట్టుకోండి, కథంతా చెప్పక్కర్లేదు. మీ ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోండి. ఫోనులో సిగ్నల్ హఠాత్తుగా పోయి ఉంటే సిమ్ ఎవరో మార్పించి ఉండొచ్చు, అప్పుడు వేరే ఫోను నుంచి నెట్‌వర్క్ కంపెనీకి కూడా వెంటనే.

వాళ్లు వేయించిన యాప్ ఏదైనా ఉంటే ఆ ఫోనుకు నెట్ ఆపండి, కానీ యాప్ తీసేయకండి, ఫోను ఫ్యాక్టరీ రీసెట్ అసలు చేయకండి. చాట్‌కు స్క్రీన్‌షాట్ చాలదు. పూర్తి చాట్‌ను ఎగుమతి చేసి దాచండి, ఎదుటివాడి నంబరు, ప్రొఫైల్ లింకు కూడా. ఈమెయిల్ అయితే ఫార్వర్డ్ చేస్తే అది ఏ దారిన వచ్చిందో చెప్పే వివరాలు పోతాయి, అసలు మెయిల్‌ను ఫైలుగా దించుకోండి.

ఆ తర్వాత కొన్ని వారాలకు "మీ డబ్బు వెనక్కి తెప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి" అని ఒకరు ఫోను చేస్తారు. లాయరునంటారు, విచారణాధికారినంటారు, మీరు పోగొట్టుకున్న మొత్తం రూపాయి తేడా లేకుండా చెబుతారు. మోసపోయినవాళ్ల జాబితా చేతులు మారుతుంది, అందుకే అంత కచ్చితంగా తెలుసు. ఆ నంబరు కూడా అదే ఫిర్యాదుకు జతచేయండి.